రిలీఫ్ పిచర్‌కి వయసు మించిపోతుందా? అపోహలు - వాస్తవాలు

పిల్లలకు బేస్‌బాల్‌లో పిచింగ్ (బ్యాటర్‌కి బంతి విసరడం) నేర్పుతాను కాబట్టి "ఇప్పుడు మొదలుపెడితే లేట్ అయిపోయినట్టేనా?" అని తల్లిదండ్రులు తరచూ అడుగుతుంటారు. వాళ్లకి నేను అమెరికా రిలీఫ్ పిచర్ (మ్యాచ్ మధ్యలో మరో పిచర్ స్థానంలో వచ్చేవాడు) హోయిట్ విల్‌హెల్మ్ గురించి చెబుతాను.

అపోహ: పాతికేళ్లలోపు మేజర్ లీగ్‌కి (అమెరికాలో బేస్‌బాల్ అగ్రశ్రేణి పోటీ) చేరకపోతే ఇక అంతే.

వాస్తవం: విల్‌హెల్మ్ 1952లో న్యూయార్క్ జెయింట్స్ తరఫున తొలి మ్యాచ్ ఆడేనాటికి ఆయనకు 29 ఏళ్లు. అప్పటికే రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డారు, ఏళ్ల తరబడి కింది స్థాయి మైనర్ లీగుల్లో ఆడారు. ఆ మొదటి సీజన్‌లో 71 మ్యాచ్‌లు, అన్నీ రిలీఫ్‌గానే. 15 గెలిచి 3 ఓడారు. మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో అతి తక్కువ ఇఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ సగటున ఇచ్చే పరుగులు, తక్కువైతే మేలు), 2.43, ఆయనదే. చివరి మ్యాచ్ 1972లో, యాభై నిండడానికి కొద్దిరోజుల ముందు.

అపోహ: వేగం లేనివాడు పిచర్ కాలేడు.

వాస్తవం: ఆయన ఆయుధం నకుల్‌బాల్. బంతిని వేళ్ల కొసలతో పట్టి, దాదాపు తిరగకుండా వదలాలి. అప్పుడు కుట్ల మీదుగా పోయే గాలి దాన్ని ఎటు లాగుతుందో బ్యాటర్‌కే కాదు, క్యాచర్‌కీ తెలీదు. విల్‌హెల్మ్ బంతులు పట్టడానికి బాల్టిమోర్ మేనేజర్ పాల్ రిచర్డ్స్ 1960లో ప్రత్యేకంగా పెద్ద గ్లవ్ చేయించారు! చేతికి శ్రమ తక్కువ కాబట్టే అన్నేళ్లు ఆడగలిగారు. అలాగని తేలిక అనుకోవద్దు. బంతి కాస్త ఎక్కువ తిరిగిందా, బ్యాటర్‌కి అంతకన్నా సులువైన బంతి ఉండదు. విల్‌హెల్మ్ స్కూల్లో ఉన్నప్పుడే పేపర్లో నకుల్‌బాల్ పిచర్ డచ్ లెనర్డ్ గురించి చదివి దీన్ని సాధన చేశారు. అంటే పేరు ఆలస్యంగా వచ్చింది కానీ, పని ఎప్పుడో మొదలైంది.

అపోహ: స్టార్టర్‌గా (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్‌గా) పనికిరానివాడినే రిలీఫ్‌కి పంపుతారు.

వాస్తవం: క్రికెట్‌లో బౌలర్‌ని ఆపి మళ్లీ పిలవొచ్చు. బేస్‌బాల్‌లో మైదానం వదిలిన పిచర్ ఆ మ్యాచ్‌లోకి తిరిగి రాకూడదు. అందుకే బేస్‌ల మీద ప్రత్యర్థులుండగా వచ్చి పరుగులు ఆపగలిగేవాడు కావాలి. విల్‌హెల్మ్ 1958లో స్టార్టర్‌గా దిగి యాంకీస్ జట్టుకి ఒక్క హిట్ (బంతిని కొట్టి బ్యాటర్ బేస్ చేరడం) కూడా ఇవ్వలేదు. 1985లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరిన మొదటి రిలీఫ్ పిచర్ ఆయనే.

అపోహ: చేతికి ఏళ్ల తరబడి విశ్రాంతినిస్తే వేగం దానంతటదే వస్తుంది.

వాస్తవం: ఇది, ఏళ్ల తరబడి ఆట మానేసి తిరిగొచ్చాక మునుపటికన్నా వేగంగా విసిరిన పిచర్ జిమ్ మోరిస్ కథ విన్నవాళ్ల మాట. టెక్సస్‌లో స్కూల్ టీచర్‌గా ఉన్న ఆయన 1999లో, 35 ఏళ్ల వయసులో, టాంపా బే జట్టులోకి వచ్చారు. నాకూ ఆయనంటే ఎంతో గౌరవం. కానీ మేజర్ లీగ్‌లో ఆడింది 21 మ్యాచ్‌లే, మరుసటి ఏడాదే చేతి నొప్పితో ఆట ముగిసింది. పిల్లలు మోచేయి నొప్పంటే వెంటనే ఆపించి డాక్టర్‌కి చూపించండి.