ఒక్క గ్లాసైతే ఫర్వాలేదా?

కడుపుతో ఉన్నప్పుడు మద్యం ఎంతవరకు తాగితే ఫర్వాలేదని ఏ డాక్టర్‌ని అడిగినా "అస్సలు వద్దు" అనే చెబుతారు. ఆ జవాబు సరైనదే. కానీ బీపీకీ షుగర్‌కీ ఫలానా అంకె దాటకూడదని చెప్పేవాళ్లు, ఆల్కహాల్‌కి మాత్రం అలాంటి అంకె ఎందుకు చెప్పలేకపోతున్నారు? యాభై ఏళ్లుగా పరిశోధనలు జరుగుతున్నా ఆ అంకె దొరకలేదు. కారణాలు తెలిస్తే ఇక ముందు కూడా దొరుకుతుందన్న ఆశ పెద్దగా మిగలదు.

తల్లికీ బిడ్డకీ మధ్య ఉండే మాయ చాలావాటిని వడకట్టగలదు గానీ ఆల్కహాల్‌ని ఆపలేదు. దాని అణువు మరీ చిన్నది, నీళ్లలోనూ కొవ్వులోనూ ఇట్టే కలిసిపోతుంది. తల్లి తాగిన కాసేపటికే బిడ్డ రక్తంలోనూ ఇంచుమించు అంతే ఆల్కహాల్ చేరుతుంది. పెద్దవాళ్లలో దాన్ని విరగ్గొట్టే పని కాలేయానిది. పిండం కాలేయంలో ఆ ఎంజైములు నామమాత్రంగానే ఉంటాయి కాబట్టి తల్లి ఒంట్లో తగ్గితేనే బిడ్డ ఒంట్లోనూ తగ్గుతుంది. ఈలోగా కొంత ఉమ్మనీటిలోకి చేరుతుంది. బిడ్డ ఆ ఉమ్మనీటినే మింగుతూ ఉంటుంది. అంటే తల్లికి మత్తు దిగాక కూడా బిడ్డకు ఇంకా అందుతూనే ఉంటుంది.

ఈ సంగతి వైద్యులకు తెలిసి ఎన్నాళ్లో కాలేదు. 1960ల్లో న్యూయార్క్‌లో ఫ్రిట్జ్ ఫుక్స్ అనే ప్రసూతి వైద్యుడు, నెలలు నిండకుండా నొప్పులు వస్తే వాటిని ఆపడానికి ఆల్కహాల్‌నే సెలైన్‌లా నరానికి ఎక్కించే పద్ధతి తెచ్చాడు. నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ హార్మోన్‌ను ఆల్కహాల్ అణచిపెడుతుందన్నది అందులోని తర్కం. కొన్నేళ్లపాటు అది మామూలు వైద్యంగానే చలామణీ అయింది. అదే కాలంలో, 1968లో, ఫ్రాన్స్‌లోని నాంత్ నగరంలో పాల్ లెమోయిన్ అనే డాక్టర్, తాగుడు అలవాటున్న తల్లిదండ్రులకు పుట్టిన 127 మంది పిల్లలను గమనించి, వాళ్ల ముఖాల్లో పోలికలున్నాయని రాశాడు. అది ఫ్రెంచిలో ఒక ప్రాంతీయ పత్రికలో రావడంతో ఎవరూ పట్టించుకోలేదు. 1973లో అమెరికాలోని సియాటెల్ నుంచి కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ బృందం ఇదే విషయాన్ని 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో ప్రకటించి, ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టాకగానీ ప్రపంచం కళ్లు తెరవలేదు.

ఆ పిల్లల ముఖంలో మూడు గుర్తులు చూస్తారు. కళ్లు చిన్నగా ఉంటాయి, పై పెదవి పలచగా ఉంటుంది, ముక్కుకీ పెదవికీ మధ్య ఉండే సన్నటి గాడి చదునైపోతుంది. ఇవి ఎప్పుడు ఏర్పడతాయో 1981లో కాథ్లీన్ సులిక్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద చూపించింది. గర్భం దాల్చిన ఏడో రోజున, ఆ ఒక్క రోజు, ఎక్కువ మోతాదులో ఆల్కహాల్ ఇస్తే చాలు, పిల్లలకు సరిగ్గా అలాంటి ముఖమే వచ్చింది. మనుషుల్లో ఆ దశ సుమారు మూడో వారం, అంటే నెల తప్పిందో లేదో ఇంకా తేలని రోజులు. ముఖంగా మారాల్సిన కణాలు, మెదడు ముందు భాగంగా మారాల్సిన కణాలు అప్పుడు పక్కపక్కనే ఉంటాయి. అందుకే ఆ సమయంలో దెబ్బ రెండింటికీ తగులుతుంది.

ముఖం మొదటి వారాల్లోనే రూపు దిద్దుకుంటుంది. మెదడు మాత్రం తొమ్మిది నెలలూ పెరుగుతూనే ఉంటుంది. తరవాతి నెలల్లో తాగితే బిడ్డ చూడ్డానికి అందరిలాగే పుడుతుంది, దెబ్బ ఎక్కువగా మెదడుకే తగులుతుంది. ఆల్కహాల్ వల్ల నష్టపోయిన పిల్లల్లో ఎక్కువమంది ఇలాంటివాళ్లే. కడుపుతో ఉన్నప్పుడు చేసే మామూలు స్కానింగ్‌లో అది దొరకదు. బడిలో చేరాక బయటపడుతుంది. ఈరోజు అప్పజెప్పిన ఎక్కం రేపటికి గుర్తుండదు. రోడ్డు ఎలా దాటాలో అడిగితే తడుముకోకుండా చెప్పే పిల్లాడు, బంతి దొర్లిపోతే అటూ ఇటూ చూడకుండా దాని వెనకే పరిగెడతాడు. మొండివాడనో, చదువు మీద శ్రద్ధ లేదనో తిట్లు పడతాయి. తల్లి ఎప్పుడో తాగిన దానికీ దీనికీ ముడిపెట్టి చూడాలని ఎవరికీ తోచదు.

ఇక ఆ అంకె సంగతి. ఒకే కడుపులో, ఒకే మోతాదు తగిలిన కవలలనే చూడండి. ఒకే అండం నుంచి వచ్చిన కవలల్లో నష్టం ఇద్దరికీ దాదాపు ఒకేలా ఉంటుంది. వేర్వేరు అండాల నుంచి వచ్చిన జంటల్లో కొన్నిసార్లు ఒకరికి సిండ్రోమ్ పూర్తిగా ఉంటే రెండోవారికి తక్కువగా ఉంటుంది. తల్లీ ఒకతే, తాగిందీ ఒకటే, తేడా బిడ్డ జన్యువుల్లో ఉంది. దానికి తల్లి వయసు, బరువు, తిండి, ఒకేసారి ఎంత తాగింది, ఏ వారంలో తాగింది కలిపితే లెక్క ఎవరికీ అందదు. గర్భిణులకు తాగించి పరీక్షించడం ఎటూ కుదరదు.

అలాగని ఒక్క గుక్కతో బిడ్డ పాడైపోతుందని భయపెట్టడం నాకు నచ్చదు. రోజూ తాగడం, ఒక్కసారే బాగా ఎక్కువ తాగడం హాని చేస్తాయనడానికి ఆధారాలు గట్టివి. చాలా కొద్దిగా తాగిన సందర్భాల్లో అధ్యయనాలు ఒక్కమాట మీద లేవు. కడుపుతో ఉన్నానని తెలియక ఏ పెళ్లిలోనో రెండు గ్లాసులు తాగిన అమ్మాయి నెలల తరబడి టెన్షన్ పడనక్కర్లేదు. డాక్టర్‌కి చెప్పి, తెలిసిన రోజు నుంచి మానేస్తే చాలు. మెదడు పెరగాల్సింది ఇంకా చాలా ఉంటుంది కాబట్టి ఎప్పుడు మానినా లాభమే.

ఇదంతా పరాయి దేశాల గొడవ అనుకోవడానికి లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో మద్యం తాగేవారు దేశం మొత్తమ్మీద 1.3 శాతమైతే, తెలంగాణలో 6.7 శాతం. పల్లెల్లో మరీ ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో అర శాతమే. తెలంగాణ లెక్క ఎక్కువ కావడంలో కల్లుకు పెద్ద భాగమే ఉంటుందని నా అంచనా. కల్లు ఒంటికి చలువని, అది మద్యం కిందికి రాదని అనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. బీరు సీసాడు కల్లు, అంటే 650 మి.లీ., అందులో 5 శాతం ఆల్కహాల్ ఉందనుకుంటే 32 మి.లీ. పైనే అవుతుంది. 30 మి.లీ. విస్కీ పెగ్గులో ఉండేది 13 మి.లీ. మాత్రమే. సీసా కల్లు తాగినామె రెండున్నర పెగ్గులు వేసినట్టే. "తాగే అలవాటుందా?" అని అడిగితే ఆమె లేదనే అంటుంది. అడగాల్సింది "కల్లు తాగుతావా అమ్మా?" అని.

కల్తీ కల్లుతో ఇంకో చిక్కుంది. అందులో క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రాజోలామ్ లాంటి మత్తుమందులు కలుపుతారు. ఏళ్ల తరబడి అలవాటైనవాళ్లకు ఒక్కసారిగా ఆగిపోతే చేతులు వణుకుతాయి, మతి తప్పినట్టు మాట్లాడతారు, ఫిట్స్ కూడా వస్తాయి. కడుపుతో ఉన్నామెకు ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయమే. అందుకే రోజూ కల్లుగానీ మద్యంగానీ అలవాటున్న గర్భిణిని ఇంట్లోవాళ్లు తిట్టి ఆ పూటకా పూట మాన్పించకూడదు. ఆసుపత్రికి తీసుకెళ్లి, ఎన్నేళ్లుగా ఎంత తాగుతోందో, కల్లు ఎక్కడిదో దాచకుండా చెప్పాలి. డాక్టర్లు పక్కనుండి కనిపెట్టుకుంటూ, అవసరమైతే మందులిచ్చి, మెల్లగా మాన్పిస్తారు.