పురుగు అడగని పర్మిషన్ దాని శత్రువుకెందుకు?

చలి మొదలైతే చాలు, న్యూజెర్సీ నుంచి వర్జీనియా దాకా మనవాళ్ల ఇళ్లలో కర్టెన్ల వెనక గోధుమరంగు స్టింక్ బగ్‌లు (కంపు పురుగులు) చేరతాయి. నలిపితే ఘాటైన కొత్తిమీర కంపు. మన వరి రైతుకు తెలిసిన కంపు నల్లికి దూరపు చుట్టం. వాటితోపాటే పాత తగువూ లేస్తుంది: వీటి గుడ్లలో తన గుడ్లు పెట్టి వాటిని చంపే సమురాయ్ కందిరీగను తోటల్లో వదలాలా, వద్దా?

తూర్పు ఆసియా నుంచి ఈ పురుగు పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో దిగింది. అసలు మలుపు 2010. ఆ ఒక్క సీజన్‌లో ఆ చుట్టుపక్కల రాష్ట్రాల్లో ఆపిల్ నష్టమే 3 కోట్ల 70 లక్షల డాలర్లు. సూదిలాంటి మూతితో రసం పీల్చితే కాయ లోపల బెండులా తయారవుతుంది. భయపడ్డ రైతులు మందుల మీద పడ్డారు. కొన్ని తోటల్లో పిచికారీలు నాలుగింతలయ్యాయి. మందు తగిలి కింద పడ్డ పురుగుల్లో కొన్ని వారంలోగా లేచి మళ్లీ నడిచాయి. చచ్చినవేమో మిగతా చీడల్ని అదుపులో పెట్టే మిత్ర పురుగులు. ఏళ్ల తరబడి తగ్గించుకుంటూ వచ్చిన మందులు ఒక్క దెబ్బతో తిరిగొచ్చాయి. ఇళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2011లో మేరీల్యాండ్‌లో ఒకే ఇంట్లో ఆర్నెల్లలో 26 వేలకు పైగా లెక్కపెట్టారు.

అప్పటికే ఆసియా నుంచి తెచ్చిన సమురాయ్ కందిరీగ డెలావేర్‌లోని ప్రభుత్వ ల్యాబ్‌లో క్వారంటైన్‌లో ఉంది. నువ్వు గింజంత కూడా ఉండదు, మనుషుల్ని కుట్టదు. పరీక్షలు సాగుతూనే ఉన్నాయి. ఇంతలో 2014లో మేరీల్యాండ్‌లోని బెల్ట్స్‌విల్‌లో అదే కందిరీగ బయట తిరుగుతూ దొరికింది! ల్యాబ్ నుంచి తప్పించుకుందేమోనని జన్యువులు చూశారు. కాదు, తనంతట తానే వచ్చింది. తర్వాత ఒరెగాన్‌లాంటి చోట్ల, దొరికిన రాష్ట్రంలోనే పెంచి వదిలారు. రాష్ట్రం దాటించాలంటే మాత్రం ఫెడరల్ పర్మిట్ అన్నారు.

కందిరీగ వల్ల స్థానిక స్టింక్ బగ్ జాతుల గుడ్లకూ ముప్పే అని అభ్యంతరం. ల్యాబ్‌లో కొన్నింటి గుడ్లలో అది తన గుడ్లు పెట్టిన మాట నిజం. కానీ పిచికారీ ఆ జాతుల్ని వదిలిపెడుతుందా అన్న తోటల వాళ్ల ప్రశ్నకు జవాబు రావడం లేదు.

ఇళ్లవాళ్లకు మాత్రం ఈ చలికాలం కందిరీగతో ఒరిగేదేమీ లేదు. దానికి కావాల్సింది గుడ్లు. ఇంట్లో దూరిన పురుగు వసంతంలో బయటికెళ్లాకే గుడ్లు పెడుతుంది. అప్పటిదాకా వాక్యూమ్ క్లీనరే దిక్కు. బ్యాగ్ వెంటనే పారేయకపోతే కంపు వదలదు.