లేబర్ రూమ్‌లో స్టూడెంట్లు: అపోహలు - వాస్తవాలు

నెలలు నిండుతున్నవాళ్లు ఓపీలో ఈ మాట నేరుగా అడగరు. చూపించుకోవడం అయిపోయి, ఫైల్ చేతిలోకి తీసుకుని, తలుపు దాకా వెళ్లాక అడుగుతారు: "కాన్పప్పుడు స్టూడెంట్లు కూడా ఉంటారా మేడమ్?" ఉంటారంటే చాలు, ముఖంలో టెన్షన్ మొదలవుతుంది. ఆ టెన్షన్‌లో సగం అపోహ, సగం న్యాయమైన భయం. రెండిటినీ విడదీసి చెబుదామనే ఇది రాస్తున్నాను. కాన్పులు చేయడంతో పాటు నేర్పడం కూడా నా పనే. కాబట్టి నేను నేర్చుకునేవాళ్ల తరఫునే మాట్లాడతానని మీరు అనుకోవచ్చు. కొన్ని విషయాల్లో మాట్లాడతాను. కొన్నిట్లో అస్సలు మాట్లాడను.

అపోహ: ట్రైనీ ఉన్నారంటే నా కాన్పు వాళ్లే చేసేస్తారు.

వాస్తవం: ముందు ఆ ట్రైనీ ఎవరో అడగండి. లేబర్ రూమ్‌లోకి మొదటిసారి అడుగుపెట్టిన వైద్య విద్యార్థినీ, మిడ్‌వైఫరీ (కాన్పులు చేసే చదువు) చదివే అమ్మాయినీ, హౌస్ సర్జన్‌నీ, ప్రసూతి విభాగంలో పీజీ చివరి ఏడాదిలో ఉన్న డాక్టర్‌నీ అందరినీ కలిపి ట్రైనీలనే అంటాం. మొదటి మనిషి గోడకి ఆనుకుని నిలబడి చూస్తారు. చివరి మనిషి చాలా రాత్రులు ఆ వార్డుని నడిపిస్తూ ఉంటారు. ఇద్దరి గురించీ ఒకేలా భయపడటంలో అర్థం లేదు.

ఎవరు చేసినా బాధ్యత మాత్రం పైన ఉన్న సీనియర్‌దే. అది కాగితం మీది మాట కాదు. బిడ్డ తల బయటికొచ్చే క్షణం చూడండి. తల మీద నేర్చుకునేవాళ్ల చెయ్యి ఉంటుంది, దాని మీద నా చెయ్యి ఉంటుంది. తల ఒక్కసారిగా దూసుకు రాకుండా ఎంత ఆపాలి, ఎప్పుడు వదలాలి అన్నది మాటల్లో చెప్పడానికి కుదరదు. నా వేళ్లు బిగిస్తే వాళ్ల వేళ్లు బిగుస్తాయి, నేను వదిలితే వాళ్లూ వదులుతారు. "ఇప్పుడు ముక్కకమ్మా, నోటితో ఊపిరి వదులు" అన్న మాట నాదే అయి ఉంటుంది. ఏదైనా తేడా వస్తే కింది చెయ్యి పక్కకి తప్పుకుంటుంది, పై చెయ్యి పని అందుకుంటుంది. చాలామంది తల్లులకి అక్కడ ఇద్దరి చేతులున్నాయని కూడా తెలియదు. తెలియకపోవడం మంచిదా అంటే కాదు. అదే తర్వాతి అపోహ.

అపోహ: టీచింగ్ హాస్పిటల్‌లో చేరామంటే అన్నిటికీ ఒప్పుకున్నట్టే.

వాస్తవం: కాదు. చేరేటప్పుడు పెట్టిన సంతకం వైద్యానికి. చదువు కోసం మీ ఒంటిని చూడటానికీ, తాకడానికీ విడిగా అడగాలి. ఇది ఎక్కడికి వెళ్లినా వైద్య నీతిలో మొదటి పాఠమే, కానీ ఊరికే రాలేదు. న్యూజిలాండ్‌లో ఆక్లండ్‌లోని ఒక మహిళా ఆస్పత్రి మీద జరిగిన కార్ట్‌రైట్ విచారణ 1988లో నివేదిక ఇచ్చింది. మత్తులో ఉన్న స్త్రీలకి వాళ్లకి చెప్పకుండానే విద్యార్థుల చేత లోపలి పరీక్షలు చేయించిన సంగతి అందులో బయటపడింది. ఆ దేశంలో 1996లో వచ్చిన రోగుల హక్కుల నియమావళిలో బోధన గురించి ప్రత్యేకంగా ఒక హక్కే ఉంది. అమెరికా ఆరోగ్య శాఖ అయితే 2024 ఏప్రిల్‌లో గానీ ఆస్పత్రులకి గట్టిగా చెప్పలేదు, మత్తులో ఉన్నవాళ్లకి శిక్షణ కోసం ఇలాంటి పరీక్షలు చేయాలంటే ముందే రాతపూర్వక అనుమతి ఉండాలని. ఇంత ఆలస్యంగానా అని మీకు అనిపిస్తే, నాకూ అదే అనిపించింది.

అడిగే తీరు కూడా ముఖ్యమే. ఆరుగురు విద్యార్థులు మంచం చుట్టూ నిలబడ్డాక "వీళ్లు ఉంటే మీకేం ఇబ్బంది లేదుగా" అనడం అడగడం కిందికి రాదు. అప్పుడు ఎవరు మాత్రం కాదంటారు? అడగాల్సింది వాళ్లు గదిలోకి రాకముందు, నొప్పులు తీవ్రం కాకముందు. ఇంకా మంచిది, ఓపీలోనే.

ఒప్పుకోవడం అన్నా వద్దనడం అన్నా మొత్తంగా ఒకే మాట చెప్పాల్సిన పని లేదు. గదిలో ఉండొచ్చు కానీ ముట్టుకోకూడదు అనొచ్చు. పొట్ట మీద చెయ్యి పెట్టి చూడొచ్చు, లోపలి పరీక్ష మాత్రం వద్దు అనొచ్చు. ఒకరు చాలు, గుంపు వద్దు అనొచ్చు. పొద్దున సరే అని, నొప్పులు ముదిరాక "ఇప్పుడు అందరూ బయటికి వెళ్లండి" అన్నా చెల్లుతుంది. కారణం చెప్పక్కర్లేదు.

అపోహ: వద్దంటే డాక్టర్లకి కోపం వస్తుంది, సరిగ్గా చూడరు.

వాస్తవం: చూడకపోతే అది తప్పు, ఫిర్యాదు చేయాల్సిన తప్పు. మీ వైద్యానికీ, వాళ్ల చదువుకీ లంకె పెట్టడం ఎక్కడా కుదరదు. అయితే ఒక్క సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. విద్యార్థిని వద్దనడం ఎప్పుడైనా తేలికే, ఎందుకంటే విద్యార్థి లేకపోయినా మీకు అందాల్సిన వైద్యంలో లోటు రాదు. డ్యూటీలో ఉన్న పీజీ డాక్టర్‌ని వద్దంటే అలా కాదు. పెద్ద ఆస్పత్రుల్లో రాత్రి పూట మీ దగ్గరికి ముందుగా వచ్చేది ఆయనో ఆమెనో. "ట్రైనీలెవరూ వద్దు" అన్న షరతు పెట్టాలనుకుంటే అది సాధ్యమా కాదా అని ముందే తేల్చుకోండి. నొప్పుల మధ్యలో తేల్చుకునే విషయం కాదది.

అపోహ: అందరూ ఒకరి తర్వాత ఒకరు లోపలి పరీక్ష చేస్తారు, అది మామూలే.

వాస్తవం: ఈ భయం విషయంలో నేను పూర్తిగా మీ పక్షం. అది మామూలు కాదు, కాకూడదు. నొప్పులు సజావుగా సాగుతున్నప్పుడు, గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్న దగ్గర్నుంచి, నాలుగు గంటలకోసారి లోపలి పరీక్ష చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో చెప్పింది. మొత్తం పరీక్షల సంఖ్యను వీలైనంత తగ్గించాలనీ చెప్పింది. ఉమ్మనీరు పోయాక చేసే ప్రతి పరీక్షా ఇన్ఫెక్షన్ అవకాశాన్ని కాస్త పెంచుతుంది. చెయ్యి ఎవరిదైనా సరే.

మరి విద్యార్థి ఎలా నేర్చుకోవాలి? ప్లాస్టిక్ పలక మీద ఒకటి నుంచి పది సెంటీమీటర్ల దాకా గుండ్రటి రంధ్రాలుంటాయి. కళ్లు మూసుకుని రెండు వేళ్లు పెట్టి ఎంతో చెప్పాలి. అందులో కుదిరాక, ఎలాగూ చేయాల్సిన పరీక్ష సమయం వచ్చినప్పుడు, తల్లి ఒప్పుకుంటే, ఒక్కరు చేస్తారు. సరిచూడటానికి సీనియర్ మళ్లీ చేయొచ్చు. అంటే ఒక పరీక్ష రెండవుతుంది, ఆ సంగతి మీకు ముందే చెప్పాలి. మూడో మనిషికి అక్కడ పని లేదు. ఒకరు నాలుగు సెంటీమీటర్లు అని, ఇంకొకరు ఐదు అంటే కంగారు పడకండి. అనుభవమున్న ఇద్దరి మధ్య కూడా ఒక సెంటీమీటరు తేడా వస్తుంది, వేలి కొసతో చేసే కొలత కాబట్టి.

అపోహ: స్టూడెంట్ల వల్లే ఇన్ఫెక్షన్లు వస్తాయి.

వాస్తవం: ఒకప్పుడు వచ్చాయి. చాలా దారుణంగా వచ్చాయి. వియన్నా జనరల్ హాస్పిటల్‌లో 1840ల్లో రెండు ప్రసూతి విభాగాలుండేవి. మొదటి దాంట్లో వైద్య విద్యార్థులు, రెండో దాంట్లో మంత్రసాని పని నేర్చుకునేవాళ్లు. 1846లో మొదటి విభాగంలో నూటికి 11 మందికి పైగా తల్లులు చనిపోయారు. రెండో దాంట్లో ముగ్గురి కన్నా తక్కువ. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, మొదటి విభాగంలో చేర్చొద్దని గర్భిణులు కాళ్లావేళ్లా పడేవారట. అక్కడ పనిచేసే ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ 1847లో అసలు కారణం పట్టుకున్నాడు. వైద్య విద్యార్థులు శవపరీక్ష గది నుంచి నేరుగా ప్రసూతి వార్డుకి వచ్చేవారు. క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడిగితీరాలని నియమం పెట్టాడు. 1848కల్లా మొదటి విభాగంలో మరణాలు నూటికి ఒకటికి కాస్త పైకి దిగాయి.

ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఒక విషయం వదిలేస్తారు. రెండో విభాగంలో ఉన్నదీ నేర్చుకునేవాళ్లే! రెండు చోట్లా ట్రైనీలే ఉన్నారు. తేడా చేతుల్లో ఉంది. ఇవాళ కూడా మీరు చూడాల్సింది అదే: ప్రొఫెసర్ అయినా, విద్యార్థి అయినా, మీ దగ్గరికి వచ్చేముందు చేతులు కడిగారా లేదా. "చేతులు కడుక్కున్నారా" అని అడగడం అమర్యాద కాదు.

అపోహ: ఇప్పుడు బొమ్మలున్నాయిగా, వాటి మీద నేర్చుకోవచ్చు.

వాస్తవం: నేర్చుకోవచ్చు, నేర్పిస్తున్నాం కూడా. ఇది కొత్త ఆలోచనేం కాదు. ఫ్రాన్స్‌లో ఆంజెలిక్ ద్యు కుద్రే అనే మంత్రసాని గుడ్డతో, తోలుతో అసలు కొలతల్లో కాన్పు బొమ్మ తయారుచేసి, 1759లో రాజు అనుమతితో దేశమంతా తిరిగి పల్లెటూరి ఆడవాళ్లకి పాఠాలు చెప్పింది. అరుదుగా వచ్చే ప్రమాదాలకి బొమ్మలే సరైన చోటు. తల బయటికొచ్చి భుజం ఇరుక్కుపోతే చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే, ఆ టైమ్‌లో ఎవరికీ పాఠం చెప్పలేం. ఇంగ్లాండ్‌లోని బ్రిస్టల్‌లో సిబ్బంది అందరికీ బొమ్మల మీద ఈ సాధన చేయించారు. భుజం ఇరుక్కున్న కాన్పుల్లో బిడ్డకి గాయమయ్యేవి 9.3 శాతం నుంచి 2.3 శాతానికి తగ్గాయని 2008లో ప్రచురించారు.

కానీ బొమ్మకి భయం వేయదు, నొప్పి రాదు. నొప్పి వచ్చినప్పుడు ఎంతసేపు మాట్లాడకుండా ఉండాలో బొమ్మ నేర్పదు. అందుకే యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో మిడ్‌వైఫ్ శిక్షణకి కనీసం 40 కాన్పులు స్వయంగా చేసి ఉండాలని ఉంది. కేసులు దొరకని చోట 30కి తగ్గకుండా చేసి, మరో 20 కాన్పుల్లో సాయం చేసి ఉండాలి.

అపోహ: స్టూడెంట్లు ఊరికే నిలబడి చూస్తారు, నాకేం లాభం?

వాస్తవం: లేబర్ రూమ్‌లో అందరికన్నా ఖాళీగా ఉండేది విద్యార్థే. నాకు మూడు గదులుంటాయి, వాళ్లకి మీ ఒక్క గదే. నేను వాళ్లకి ఇచ్చే మొదటి పని, మంచం పక్కన స్టూల్ వేసుకుని, పొట్ట పైభాగాన అరచెయ్యి ఆనించి పది నిమిషాలు కూర్చోవడం. ఆ పది నిమిషాల్లో ఎన్ని నొప్పులొచ్చాయి, ఒక్కోటి ఎన్ని సెకన్లు ఉంది. పొట్ట గట్టిపడటం చేతికి ముందు తెలుస్తుంది, తల్లికి నొప్పి ఆ తర్వాత తెలుస్తుంది. రెండు మూడు సార్లు అయ్యేసరికి ఆ పిల్ల "అక్కా, ఇంకోటి వస్తోంది, ఊపిరి పీల్చుకో" అని ముందే చెప్పడం మొదలుపెడుతుంది. ఆమె రాసి ఇచ్చే లెక్క నాకు నిజంగా పనికొస్తుంది.

పక్కన ఎవరో ఒకరు వదలకుండా ఉండటం చిన్న విషయం కాదు. వైద్య అధ్యయనాలని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 26 అధ్యయనాలతో చేసిన 2017 సమీక్షలో, అలా తోడున్నవాళ్లకి మామూలు కాన్పులు ఎక్కువగా, సిజేరియన్లు తక్కువగా జరిగాయని తేలింది. కొన్ని అధ్యయనాల్లో ఆ తోడు మిడ్‌వైఫరీ విద్యార్థులే. అలాగని మీ మనిషి బదులు విద్యార్థిని పెట్టుకోమని కాదు. తోడు ఎవరుండాలో మీ ఇష్టం. గదిలో చోటు లేదంటే బయటికి వెళ్లాల్సింది విద్యార్థి, మీ వాళ్లు కాదు.

తలుపు మాటిమాటికీ తెరుచుకోవడం, కొత్త ముఖాలు రావడం మాత్రం మంచిది కాదు. భయం, సిగ్గు పెరిగితే ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, దాంతో నొప్పులు నెమ్మదించవచ్చు. ఒక్క విద్యార్థి మొదటి నుంచి చివరిదాకా ఉండటం, పదిమంది తల బయటికొచ్చేటప్పుడు వచ్చి చూసి పోవడం, ఈ రెండూ ఒకటి కావు. రెండోదాన్ని నేను ఒప్పుకోను.

అపోహ: మగ స్టూడెంట్లని వద్దనడం కుదరదు.

వాస్తవం: కుదురుతుంది. విద్యార్థుల విషయంలో నిక్షేపంగా కుదురుతుంది. అత్యవసరంలో వచ్చే డాక్టర్ ఆడో మగో మాత్రం ఎవరూ ముందే మాట ఇవ్వలేరు.

అపోహ: కుట్లు స్టూడెంట్లు వేస్తే పాడవుతాయి.

వాస్తవం: మలద్వారపు కండరం దాకా చీలితే అది అనుభవమున్న డాక్టరే, ఆపరేషన్ థియేటర్‌లో మంచి వెలుతురులో కుట్టాల్సిన పని. దాన్ని తీసుకెళ్లి కొత్తవాళ్ల చేతిలో పెట్టరు. చిన్న చీలికలు మాత్రం పక్కన సీనియర్ ఉండగా హౌస్ సర్జన్లో పీజీలో కుడతారు. నెమ్మదిగా కుడతారు, అదే అసలు ఇబ్బంది. ఆలస్యమయ్యే కొద్దీ మత్తు ఇంజెక్షన్ పట్టు తగ్గొచ్చు. సూది గుచ్చుకుంటున్నట్టు స్పష్టంగా తెలిస్తే పళ్లు బిగబట్టుకోకండి, చెప్పండి. ఇంకాస్త మత్తు ఇచ్చి మొదలుపెడతారు. కుట్లు నేర్చుకోవడం కోసమని యోనిద్వారం దగ్గర కోత పెట్టడం ఎక్కడా ఒప్పుకోరు. అవసరం లేకుండా అందరికీ ఆ కోత పెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంది.

ఫోన్లో ఫొటోలు, వీడియోల గురించి కూడా అడుగుతుంటారు. చూడటానికి ఒప్పుకుంటే ఫొటోకి ఒప్పుకున్నట్టు కాదు. ఎవరైనా ఫోన్ పైకెత్తితే దించమనండి.

ఇంకొక్కటి. ఓపీలో నాతో ఏం మాట్లాడుకున్నా, మీరు కాన్పుకి వచ్చే వేళకి నేను డ్యూటీలో ఉండకపోవచ్చు. రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ మారితే కొత్త టీమ్‌కి మీ ఇష్టాయిష్టాలు తెలియవు. అందుకని కేస్ షీట్ మొదటి పేజీలోనే రాయించండి: "ఒక విద్యార్థిని ఉండవచ్చు. లోపలి పరీక్షలు విద్యార్థులు చేయకూడదు." లేదా మీరు ఏది అనుకుంటే అది. మీతో పాటు లోపలికి వచ్చే మనిషికి కూడా అదే మాట చెప్పి ఉంచండి, నొప్పుల్లో మీకు మాట్లాడే ఓపిక లేనప్పుడు వాళ్లు చెబుతారు.