ఫంగస్ మాత్రతో మెదడు కణితికి వైద్యం: 2013ను మరిచిపోయిన వాదన

ఫంగస్ మందు మెదడు కణితికి పనిచేస్తుందా అన్న వాదన మళ్లీ రాజుకుంది. మందు ఇవ్వాలంటున్న రోగుల కుటుంబాలూ, సందేహిస్తున్న వైద్యులూ చూపిస్తున్నది ఒకే పరిశోధన పత్రం, 2019లో టొరంటో శాస్త్రవేత్తలు వెలువరించినది. కీటోకొనజోల్, పొసకొనజోల్ అనే ఫంగస్ మందులు గ్లియోబ్లాస్టోమా (వేగంగా పెరిగే మెదడు క్యాన్సర్) కణాల పెరుగుదలను తగ్గించాయని, కణితి ఉన్న ఎలుకలు ఎక్కువ కాలం బతికాయని అందులో ఉంది. దాని మీద పెద్దగా పేచీ లేదు. పేచీ అంతా "వాడకంలో ఉన్న పాత మందే కదా, ఇస్తే పోయేదేముంది?" అన్న దగ్గరే. దానికి జవాబు ఆ పత్రం కన్నా ఆరేళ్ల ముందే వచ్చింది.

2013 జులై 26న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, యూరప్ ఔషధ సంస్థ రెండూ కీటోకొనజోల్ మాత్ర మీద కొరడా ఝళిపించాయి. అమెరికాలో 1981 నుంచి అమ్ముతున్న మందు అది. కాలేయం తీవ్రంగా దెబ్బతింటోందని, ప్రాణాల మీదికి వస్తోందని తేల్చాయి. ఫంగస్ చికిత్సకు ఆ మాత్రను ఆపేయాలని యూరప్ సంస్థ సిఫార్సు చేసింది. వేరే దారి లేని కొన్ని తీవ్ర ఇన్ఫెక్షన్లకే వాడాలని ఎఫ్‌డీఏ చెప్పింది. క్రీములు, షాంపూల జోలికి ఎవరూ పోలేదు, వాటి నుంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ కాబట్టి. షాంపూలో ఉన్నదే మాత్రలోనూ ఉంది కదా అని ధీమాగా ఉన్నవాళ్లు చూడాల్సిన తేడా ఇదే.

ఆనాటి హెచ్చరికలో మరో మాట కూడా ఉంది: ఈ మాత్ర వేరే మందులతో కలిస్తే చిక్కు. మెదడు కణితి రోగికి ఇది అసలు టెన్షన్. వాపు తగ్గడానికి వాళ్లు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వాడుతుంటారు. దాన్ని శరీరం వదిలించుకునే ఎంజైమ్‌ను కీటోకొనజోల్ అడ్డుకుంటుంది, దాంతో స్టెరాయిడ్ ఒంట్లో పేరుకుంటుంది. ఫిట్స్‌కు ఫెనిటాయిన్ వాడుతుంటే కథ తిరగబడుతుంది, ఫంగస్ మందే ఒంట్లోంచి త్వరగా పోతుంది.

ఇంతకీ ఈ మందుల మీద చూపు ఎందుకు పడింది? 2011లో టొరంటోలోనే ఒక బృందం కణం గ్లూకోజ్‌ను వాడుకోవడానికి తోడ్పడే హెక్సోకైనేజ్-2 అనే ఎంజైమ్‌ను పట్టుకుంది. మామూలు మెదడు ఎక్కువగా హెక్సోకైనేజ్-1తో నడుస్తుంది, గ్లియోబ్లాస్టోమా మాత్రం రెండో రకం మీద ఆధారపడి గ్లూకోజ్‌ను మింగుతుంది. ఆరోగ్యంగా ఉన్న కణాన్ని వదిలేసి కణితినే కొట్టే అవకాశం ఉందన్న ఆశ అక్కడే పుట్టింది, ఆ దారిని దెబ్బతీసే మందుల కోసం వెతుకులాటలోనే ఈ ఫంగస్ మందుల మీద చూపు పడింది. అది గట్టి ఆశే. ఇట్రాకొనజోల్ అనే మరో ఫంగస్ మందు మీద 2010లో వచ్చిన పరిశోధన దారి వేరు. అది కణాల పెరుగుదలను నడిపే హెడ్జ్‌హాగ్ అనే సంకేత మార్గానికి సంబంధించింది. ఈ రెంటినీ కలగలిపి పంచుకోవడం మామూలైపోయింది.

కుటుంబాల తొందరకూ కారణం ఉంది. 2005లో వెలువడిన ట్రయల్‌లో రేడియేషన్‌కు టెమోజోలొమైడ్ అనే కీమో మందు జోడిస్తే మధ్యస్థ (మీడియన్) ఆయుష్షు 12.1 నెలల నుంచి 14.6 నెలలకు పెరిగింది, అంతే. పేటెంట్ తీరిన మందు మీద కంపెనీలు డబ్బు పెట్టవన్న వాళ్ల ఫిర్యాదూ నిజమే.

వైద్యుల సందేహం మరోచోట ఉంది. రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న సహజ అడ్డుగోడను దాటి ఈ మందులు మెదడులోకి సరిగా వెళ్లవు. కణితి మధ్యలో రక్తనాళాలు కారుతుంటాయి కాబట్టి అక్కడికి కొంత చేరవచ్చు. చుట్టూ పాకిన కణాలకు మాత్రం ఆ అడ్డుగోడే రక్ష. అందుకే ఆపరేషన్‌కు ముందు కొన్ని రోజులు మందు ఇచ్చి, తీసిన కణితి ముక్కలో అది ఎంత చేరిందో కొలిచే చిన్న ట్రయల్స్‌ను ఎంచుకున్నారు. రోగి ఎంతకాలం బతుకుతారన్నది ఆ ట్రయల్స్ ప్రశ్నే కాదు. స్క్రీన్‌షాట్లలో మాత్రం "మనుషుల మీద పరీక్షలు మొదలు" అన్న ముక్కే తిరుగుతోంది.