రాడ్ కోస్తే పాడవుతుందా? గాలం రాడ్ల మీద అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో నా దగ్గరికి రిపేరుకొచ్చే రాడ్లలో చేప విరిచినవి తక్కువ. బస్సు తలుపులో నలిగినవి, ఆటోలో కాళ్ల కింద పడినవి, స్కూటీ మీద నిలువుగా పట్టుకుపోతే చింతకొమ్మకు చిక్కినవే ఎక్కువ. రాయలచెరువుకైనా, పిచ్చాటూరు ఆరణియార్‌కైనా, వాకాడు దాటి తూపిలిపాళెం సముద్రానికైనా ఏడడుగుల ఒంటి ముక్క రాడ్ మోసుకుపోవడం మాటలు కాదు. "రెండు ముక్కలు చేసియ్యన్నా" అని వస్తారు. రంపం తియ్యగానే "వద్దులే" అంటారు.

అపోహ: ఒకసారి కోస్తే రాడ్‌లో బలం పోతుంది.

వాస్తవం: బలం పోయేది కోతలో కాదు, సరిగా వెయ్యని అతుకులో. రాడ్ లోపల బోలు. రెండు ముక్కలు కలవడానికి ఆ బోలులో ఒక పుల్ల దూరుస్తాం. వంగినప్పుడు లోపలి పుల్ల కోసిన అంచును బయటికి తోస్తుంది, గొట్టం నిలువునా చీలుతుంది. అందుకే రెండు అంచులకూ బయట గైడ్లు (గాలం దారం పోయే రింగులు) కట్టే దారం దగ్గరగా చుట్టి ఎపాక్సీ జిగురు పూయాల్సిందే. చీలి వచ్చిన అతుకుల్లో చాలావాటికి ఈ చుట్టు కనపడదు.

కోసే చోటు గైడ్ కిందికి రాకూడదు. ముందే అటూ ఇటూ ఒకే వరుసలో గుర్తు పెట్టుకోండి, లేకపోతే తర్వాత గైడ్లు వంకర పోతాయి. కోసే చోట మాస్కింగ్ టేపు చుట్టి, సన్న పళ్ల హాక్సా బ్లేడుతో రాడ్‌ను తిప్పుకుంటూ కోయాలి. రాడ్లు కార్బన్ ఫైబర్‌తోనో గ్లాస్ ఫైబర్‌తోనో చేస్తారు, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు పెట్టుకోండి, నీళ్ల కాగితంతో (వాటర్ పేపర్) తడిపే రుద్దండి.

లోపలి పుల్లకు విరిగిన పాత రాడ్ ముక్కను మించింది లేదు. గ్లాస్‌కు గ్లాస్, కార్బన్‌కు కార్బన్. ఇనప చువ్వ దూర్చే మహానుభావులున్నారు. చువ్వ వంగదు, రాడ్ వంగుతుంది, చువ్వ అయిపోయిన చోట పుటుక్కుమంటుంది. రాడ్ చివరికి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి, అడుగు మూత తీసి పిడి వైపు నుంచి ముక్కను లోపలికి వేసి, కోసిన అంచులో బిగుసుకునేదాకా తోయాలి. 10 మి.మీ. మందం ఉన్న చోట అటు 7 సెం.మీ., ఇటు 7 సెం.మీ. ఉండేట్టు చూస్తాను. పిడి వైపు మాత్రమే అంటించాలి. అదీ నిదానంగా ఆరే ఎపాక్సీతో, ఐదు నిమిషాల రకంతో కాదు. ఒక రోజంతా కదపకండి.

బిగించాక రెండు అంచుల మధ్య అర సెంటీమీటరు సందు ఉంటుంది. అది తప్పు అనుకుని పుల్లను గీకి కలిపేస్తారు. వాడేకొద్దీ పుల్ల అరుగుతుంది, అప్పుడు ఇంకాస్త లోపలికి బిగుసుకోవడానికే ఆ సందు. పుల్ల మీద కొంచెం కొవ్వొత్తి మైనం రుద్దితే చాలు.

కొత్త, ఖరీదైన కార్బన్ రాడ్ తెస్తే మాత్రం నేను కోయను. వారంటీ పోతుంది. అమ్మేసి రెండు ముక్కలదే కొనుక్కోండి.

అపోహ: సంచిలో పట్టడానికి కొస నుంచి అరడుగు తీసేస్తే సరిపోతుంది.

వాస్తవం: మెత్తగా వంగేదే ఆ కొస. అది పోతే రాడ్ కర్రలా బిగుసుకుంటుంది, చిన్న ఎర విసరలేరు, జిలేబీ చేప ముట్టినా చేతికి తెలియదు. తగ్గించాలనుంటే పిడి వైపు తగ్గించండి. కొస గైడ్ ఊడిపోతే ఫెవిక్విక్ వద్దు, గ్లూ గన్ జిగురు చాలు. రేపు మార్చాలంటే కొంచెం వేడి చేస్తే వచ్చేస్తుంది.

అపోహ: పిడి ఎంత లావుగా, మెత్తగా ఉంటే చేతికి అంత హాయి.

వాస్తవం: లావు పిడిని గట్టిగా పిసికి పట్టుకోవాల్సి వస్తుంది, మణికట్టు లాగేస్తుంది. సైకిల్ ట్యూబు మన ఎండలకు చెమటతో జారుతుంది. బ్యాడ్మింటన్ గ్రిప్ ఒక పొర చుట్టండి. వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ ట్యూబు వేస్తే హెయిర్ డ్రైయర్ వాడండి. స్టవ్ మంట మీద తిప్పారంటే లోపల ఫైబర్‌ను పట్టి ఉంచే రెసిన్ దెబ్బతింటుంది.

రాడ్ తేలిగ్గా ఉంటే చెయ్యి నొప్పెట్టదన్నది కూడా సగమే నిజం. రీలు బిగించి, దారం ఎక్కించి, రీలు కాలు (రీలును రాడ్‌కు బిగించే భాగం) దగ్గర వేలి మీద అడ్డంగా నిలబెట్టి చూడండి. కొస కిందికి వాలిపోతుంటే మణికట్టు దాన్ని రోజంతా మోస్తున్నట్టే. అడుగు మూతలో కాస్త సీసం వేస్తే మొత్తం బరువు పెరుగుతుంది, చేతికి మాత్రం తగ్గినట్టుంటుంది.

అపోహ: పైన రంగు ఉంది కదా, కార్బన్ రాడ్‌కు కరెంటు పట్టదు.

వాస్తవం: పడుతుంది. చంపేస్తుంది. చెరువు కట్టల దగ్గర మోటార్ల లైన్లు చాలా చోట్ల కిందికి వేలాడుతుంటాయి. రాడ్ విడదీసే కట్ట దాటండి, తీగల కింద బిగించకండి, విసరకండి. ఉరుము వినపడితే రాడ్ కింద పెట్టేసి అక్కణ్ణుంచి వచ్చేయండి. పిడికి చుట్టిన గ్రిప్ చెమట కోసమే, హై టెన్షన్ లైను దగ్గర అది దేనికీ పనికిరాదు.