బొమ్మ వేశాక మిగిలే పని: చెన్నై పిల్లలకు ఒక ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. రంగులు కలపడం బడిలో నేర్పుతారు, గీత తప్పితే డ్రాయింగు మాస్టారు దిద్దుతారు. వేసిన బొమ్మను నలుగురి ముందు ఎలా నిలబెట్టాలో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అందుకే పోటీకి పంపిన బొమ్మ మొదటి వడపోతలోనే పోతుంది. ప్రదర్శనలో పెట్టింది అద్దానికి అతుక్కుపోతుంది. కాలనీ గోడమీద వేసింది మొదటి వానకే పెచ్చులూడుతుంది. బొమ్మలో లోపమేమీ ఉండదు, వేశాక చెయ్యాల్సిన పని సరిగా జరగదు, అంతే. ఆ పని గురించే ఈ ఉత్తరం.

ముందు ఒకసారి ఎగ్మూరు మ్యూజియానికి వెళ్లండి. శుక్రవారం సెలవు, అది చూసుకోండి. అక్కడ మన కృష్ణ ఒడ్డునుంచి వచ్చిన అమరావతి శిల్పాలు ఉన్నాయి. శిల్పాలు ఎలాగూ చూస్తారు. ఈసారి వాటిని ఎలా నిలబెట్టారో కూడా చూడండి. పందొమ్మిదో శతాబ్దంలో ఆ పలకల్ని సిమెంటుతో గోడకే బిగించేశారు. గోడలోని చెమ్మ, ఉప్పు మెల్లగా ఆ సున్నపురాతిలోకి దిగి దాన్ని తినడం మొదలుపెట్టాయి. దాదాపు రెండు వేల ఏళ్లు నిలిచిన రాయికే బిగించిన తీరు వల్ల అంత చేటు జరిగితే, మీ డ్రాయింగు షీటు సంగతి ఆలోచించండి.

చోళమండలం కూడా చూడాలి. ఈస్ట్ కోస్ట్ రోడ్డులో ఇంజంబాక్కం దగ్గర 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్ పూనికతో కళాకారులు కట్టుకున్న ఊరు అది. బాతిక్ బట్టలు (మైనం పూసి రంగులద్దినవి), చేతిపనులు చేసి అమ్ముకుని ఆ డబ్బుతో స్థలం కొనుక్కున్నారు. అక్కడి మ్యూజియంలో మద్రాసు చిత్రకారుల బొమ్మలు చూడొచ్చు. ఆ తరంలో మన తెలుగువాడు ఎం. రెడ్డెప్ప నాయుడు ఉన్నాడు, ఆయన దేవతల బొమ్మలు ఎక్కడ కనబడినా దగ్గరికెళ్లి గీత చూడండి. గ్రీమ్స్ రోడ్డులో లలిత కళా అకాడమీ హాళ్లలో ప్రదర్శనలు మారుతూ ఉంటాయి. ఎక్కడికెళ్లినా నోటుబుక్కులో మూడు సంగతులు రాసుకోండి: బొమ్మ నేలనుంచి ఎంత ఎత్తులో ఉంది, పక్క బొమ్మకి ఎంత దూరం, దీపం ఎక్కణ్ణుంచి పడుతోంది.

ఇక పోటీల మాట. ఇప్పుడు చాలా పోటీల్లో మొదటి వడపోత ఫొటోల మీదే జరుగుతుంది. న్యాయనిర్ణేత చూసేది మీ బొమ్మను కాదు, మీ ఫొటోను. గదిలో ట్యూబ్‌లైటు కింద మంచం మీద పెట్టి తీసిన ఫొటోలో ఎరుపు గోధుమరంగులోకి దిగిపోతుంది, తెలుపు పసుపెక్కుతుంది. పొద్దున పది గంటలప్పుడు వరండాలో, నేరుగా ఎండ పడని చోట, బొమ్మను గోడకి నిటారుగా ఆనించండి. ఫోను సరిగ్గా బొమ్మ మధ్య ఎత్తులో ఉండాలి. పైనుంచి వంచి తీస్తే పైభాగం వెడల్పుగా, కింద ఇరుకుగా వచ్చి బొమ్మ చాటలా కనిపిస్తుంది. దగ్గరికెళ్లి తీసినా అంచులు వంగుతాయి కాబట్టి రెండు మీటర్లు వెనక్కి జరిగి కొంచెం జూమ్ చెయ్యండి. ఫ్లాష్ వద్దు. బొమ్మ పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీసి, ఫోనులో ఆ కాగితం తెల్లగా కనబడేదాకా రంగు సవరించి, తర్వాత అంచులు కత్తిరించండి. అంతకుమించి రంగులు పెంచకండి. హాలులో అసలు బొమ్మ చూసినప్పుడు తేడా తెలిసిపోతుంది.

దరఖాస్తులో పిల్లలు ఎక్కువగా తప్పేది కొలతల దగ్గర. ఎత్తు ముందు రాయాలి, వెడల్పు తర్వాత. ఏ3 కాగితం నిలువుగా వాడితే 42 × 29.7 సెంటీమీటర్లు. అడిగిన కొలత ఫ్రేముతో కలిపా, ఫ్రేము లేకుండానా అన్నది రెండుసార్లు చదవండి. పేరు కనబడకూడదని నియమం ఉంటే ముందువైపు సంతకం చెయ్యకండి. వెనకవైపు పెన్సిలుతో మెత్తగా పేరు, వయసు, సంవత్సరం రాయండి. బాల్‌పెన్నుతో రాస్తే ఒత్తుడు ముందువైపుకి తేలుతుంది.

ఏం వెయ్యాలన్నది నేను చెప్పను. ఏది వేస్తే వెనకబడతారో చెబుతాను. పర్యావరణం అనగానే సగం పచ్చగా, సగం ఎండిపోయిన చెట్టు, ఏడుస్తున్న భూగోళం. న్యాయనిర్ణేతల ముందు అలాంటివి కట్టలుగా ఉంటాయి. నీళ్ల కరువు వెయ్యమంటే మీ వీధిలోకి మెట్రో నీళ్ల లారీ వచ్చినప్పుడు నిలబడే బిందెల వరస వెయ్యండి. ఏ బిందెకి ఏ గుడ్డ కట్టి గుర్తు పెట్టుకున్నారో, లారీ గొట్టం ఎక్కడ కారుతోందో మీకే తెలుసు. ఇంకో మాట, పెద్దవాళ్ల చెయ్యి పడనివ్వకండి. ఎనిమిదేళ్ల పిల్ల వేసిన బొమ్మలో ఒక్క ముఖానికి మాత్రం నీడలు నున్నగా దిద్ది ఉంటే, చూసేవాళ్లకి ఇట్టే తెలుస్తుంది. అమ్మానాన్నలకి ఈ ఉత్తరం చూపించండి.

ముగ్గుల పోటీకి వెళ్లేవాళ్లకి కూడా లెక్కే ముఖ్యం. జనవరిలో మైలాపూరు ఉత్సవమప్పుడు ఉత్తర మాడవీధిలో జరిగే కోలం పోటీ చూస్తే తెలుస్తుంది, ఇచ్చిన గడిలో ముగ్గు పట్టక చివరి వరసలు ఇరికించేవాళ్లు ఎంతమందో. 15 నుంచి 8 వరకు సందుచుక్కల ముగ్గుకి మొత్తం 169 చుక్కలు పడతాయి. చుక్కకీ చుక్కకీ 10 సెంటీమీటర్లు వదిలితే నడిమి వరస వెడల్పు 140 సెంటీమీటర్లు. గడి నాలుగడుగులే ఉంటే చుక్కల దూరం 8కి తగ్గించాలి, అప్పుడు 112 అవుతుంది. ఇది ఇంట్లో లెక్కేసుకుని వెళ్లాలి. నడిమి వరస ముందు పెట్టండి, తర్వాత అటూ ఇటూ. నేల మరీ తడిగా ఉంటే పిండి ముద్దకడుతుంది, మరీ పొడిగా ఉంటే గాలికి లేస్తుంది. నీళ్లు చల్లి, మెరుపు పోయి నలుపు మిగిలినప్పుడు మొదలుపెట్టడం సరైన అదను.

ఇప్పుడు మీ బొమ్మ ఎంపికైందనుకుందాం, హాలులో పెట్టాలి. చెన్నైలో కాగితానికి మొదటి శత్రువు గాలిలోని తేమ. కాగితాన్ని నాలుగు వైపులా జిగురుపెట్టి అట్టకి అంటిస్తే తేమకి సాగి, పోవడానికి దారిలేక మధ్యలో ఉబ్బుతుంది. అందుకని పైఅంచున రెండుచోట్ల మాత్రమే వేలెడంత కాగితపు పట్టీతో వేలాడదీయాలి. జిగురు ఉడికించిన మైదాదైనా చాలు. సెల్లోటేపు వద్దు. పోనుపోను దాని జిగురు పసుపెక్కి కాగితంలోకి ఇంకుతుంది, ఆ మరక ఇక పోదు. పైన కిటికీలా కత్తిరించిన మౌంట్ అట్ట వేస్తారు. ఏ3 బొమ్మకి కిటికీ 41 × 28.7 సెంటీమీటర్లు కొయ్యండి, అంటే ప్రతివైపూ అర సెంటీమీటరు అంచు అట్ట కింద దాగుతుంది. పైన, పక్కల 7 సెంటీమీటర్లు, కింద 8.5 వదలండి. నాలుగువైపులా సమానంగా వదిలితే బొమ్మ కిందికి జారినట్టు అనిపిస్తుంది. ఈ మౌంటు అందానికే అనుకుంటారు చాలామంది. దాని అసలు పని అద్దం బొమ్మకి తగలకుండా ఆపడం. అద్దం లోపలివైపు చెమ్మ పడితే, తగిలిన చోట రంగు అంటుకుని, తర్వాత బూజు పడుతుంది. అదే కారణంతో ఫ్రేము వెనక కింది మూలల్లో రెండు కార్కు ముక్కలు అంటించండి, గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది.

కాన్వాసు మీద యాక్రిలిక్ వేసినవాళ్లు ఆటోలో తీసుకెళ్లేటప్పుడు బుడగల ప్లాస్టిక్ నేరుగా చుట్టకండి. మన ఎండకి యాక్రిలిక్ మెత్తబడుతుంది, విప్పి చూస్తే బొమ్మంతా గుండ్రటి మచ్చలు. ముందు బటర్ పేపరు, దానిమీద బుడగల ప్లాస్టిక్. చుట్టచుట్టాల్సి వస్తే రంగు బయటివైపు ఉండాలి.

వేలాడదీసే ఎత్తు ఒక్క లెక్కతో తేలుతుంది. బొమ్మ నడిమధ్య నేలనుంచి 145 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. చిన్నపిల్లలు ఎక్కువగా వచ్చే ప్రదర్శనైతే 130 చాలు. ఫ్రేము ఎత్తు 60 అనుకోండి. వెనక తీగను రెండు మేకులు వచ్చే చోట్ల వేళ్లతో పైకి లాగి పట్టుకుని, అక్కణ్ణుంచి ఫ్రేము పైఅంచుకి ఎంతుందో కొలవండి. 8 ఉందనుకుందాం. 145కి సగం ఎత్తు 30 కలిపి, 8 తీసెయ్యండి. 167 దగ్గర మేకు కొట్టాలి. తీగను లాగకుండా వదులుగా కొలిస్తే ప్రతి బొమ్మా ఒక్కో ఎత్తులో వేలాడుతుంది, వరసంతా మెట్లమెట్లుగా కనిపిస్తుంది. ఒక్క మేకు మీద ఫ్రేము పక్కకి వాలుతుంది, ఒకే ఎత్తులో రెండు కొట్టండి. కంటితో సరిచూస్తే చాలదు, మేస్త్రీలు వాడే రసమట్టం తెచ్చుకోండి.

మధ్యలో ఎంత వదలాలో ముందే నేలమీద పరుచుకుని చూడాలి. ఆరు మీటర్ల గోడకి 40 సెంటీమీటర్ల ఫ్రేములు పది పెట్టాలంటే, బొమ్మలకి 400 పోగా 200 మిగులుతుంది. చివర్లతో కలిపి పదకొండు ఖాళీలు, ఒక్కోటి 18 వస్తుంది. అంతకంటే ఇరుకైతే ఒక బొమ్మ తీసెయ్యండి. ఎవరిది తియ్యాలన్న గొడవ వస్తుంది, అయినా తీసెయ్యండి; ఇరికిస్తే పదీ పోతాయి.

పక్కన పెట్టే చీటీలో పేరు, బొమ్మ శీర్షిక, దేనితో వేశారు, కొలత, సంవత్సరం ఉండాలి. చెన్నైలో మనం తెలుగులో రాస్తే దాంతోపాటు తమిళంలో, ఇంగ్లీషులో కూడా రాయాలి. మీ బొమ్మ చూసే వాచ్‌మన్ తమిళం చదువుతాడు, మీ అమ్మమ్మ తెలుగు చదువుతుంది. ఇద్దరూ చూడటానికి వచ్చినవాళ్లే. అక్షరాలు మీటరు దూరంనుంచి కళ్లజోడు పెట్టుకున్నవాళ్లకి కనపడాలి. ‘శీర్షిక లేదు’ అని రాసి తప్పించుకోకండి.

చివరగా గోడ. కణ్ణగి నగర్ గురించి విన్నారుగా? ఊళ్లోనుంచి తరలించిన కుటుంబాలు ఉండే ఆ కాలనీలో 2020లో ఇళ్ల గోడల నిండా పెద్దపెద్ద బొమ్మలు వేశారు. అవి చూసొచ్చి మన అపార్ట్‌మెంటు గోడ మీద కూడా వేద్దామంటారు, వెయ్యండి. గోడ ఎవరిదో వాళ్ల అనుమతి కాగితం మీద తీసుకోండి. తర్వాత గోడను అరచేత్తో రుద్దండి. చేతికి తెల్లగా అంటితే పాత సున్నం ఉందన్నమాట, దాన్ని గీకి తియ్యకపోతే ఏ రంగూ నిలవదు. గీకేటప్పుడు మూతికి మాస్కు తప్పనిసరి, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి ఆ పని పెద్దవాళ్లే చెయ్యాలి. ఆ పైన ఒక ప్లాస్టిక్ కవరు ముక్కను నాలుగువైపులా టేపు వేసి ఒక రోజంతా గోడకి అంటించి ఉంచండి. లోపల నీటి చుక్కలు పడితే గోడలో చెమ్మ ఉంది, పైపు ఎక్కడ కారుతోందో చూడాలి. ఉప్పు తెల్లగా పొంగిన చోట పొడి బ్రష్‌తోనే దులపండి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది.

అక్టోబరునుంచి డిసెంబరు దాకా ఈ పని పెట్టుకోకండి, ఆ మూడు నెలలూ మనకి వానలు. సంక్రాంతి తర్వాత మంచిది. పొద్దున ఆరున్నరనుంచి పది, సాయంత్రం నాలుగు తర్వాత. నడి ఎండలో రంగు బ్రష్ మీదే ఆరిపోయి చారలు పడుతుంది. ఆరు మీటర్ల పొడుగు, రెండున్నర మీటర్ల ఎత్తు గోడ అయితే 15 చదరపు మీటర్లు. రంగు పట్టడానికి ముందు పూసే ప్రైమరు ఒక పూత, దాని మీద బయటిగోడలకి వాడే ఎమల్షన్ రంగు రెండు పూతలు. గరుకు గోడకి బొమ్మ కింద గోడంతా పూసే ఆ రంగు అయిదు లీటర్లు ఉంచుకోండి. చిత్తు బొమ్మ 60 × 25 సెంటీమీటర్ల కాగితం మీద వేసి, 5 సెంటీమీటర్ల గళ్లు గీస్తే 60 గళ్లు వస్తాయి. గోడమీద సుద్ద పూసిన దారం బిగించి కొట్టి 50 సెంటీమీటర్ల గళ్లు గీయండి. గడికి గడి చూసి దింపుకుంటూ పోవడమే. గళ్లకి నంబర్లు వెయ్యకపోతే ఒకరు ఏనుగు కాలు వేస్తున్న చోట ఇంకొకరు తొండం వేస్తారు.

పిల్లలు చెయ్యి అందినంత ఎత్తు వరకే వెయ్యాలి, నిచ్చెన పెద్దవాళ్లకి వదిలెయ్యండి. గోడ దగ్గర ఒకసారి అయిదుగురికి మించి వద్దు. ఏ రంగు కలిపినా మొత్తం గోడకి సరిపడా ఒకేసారి కలపండి, రెండోసారి అదే రంగు రాదు. కింద ఒక అడుగు మేర ముదురు గోధుమరంగు వేసి వదిలెయ్యండి. వాన నీళ్లు నేలమీద పడి చిమ్మేది అంతవరకే, ఆ బురద ముదురు రంగు మీద కనబడదు. బ్రష్‌లు కడిగిన నీళ్లు వానకాలవలోకి పొయ్యకండి. మూడు బకెట్లు పెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి వాడి, అడుగున పేరుకున్న మడ్డిని ఎండబెట్టి చెత్తలో వెయ్యండి.

ప్రతి రంగులో ఒక గ్లాసెడు పక్కకి తీసి మూత బిగువుగా ఉన్న సీసాలో పోయండి. సీసా మీద రంగు నంబరు, తేదీ రాయండి. వానలు వెలిశాక, జనవరిలో ఒక ఆదివారం అందరూ గోడ దగ్గరికి వెళ్లి, పెచ్చు లేచిన చోటల్లా గరుకు కాగితంతో రుద్ది ఆ రంగు పూయాలి. సీసాలు ఎవరింట్లో, ఏ అరలో ఉన్నాయో మీ గ్రూపులో రాసి పెట్టుకోండి.

మీ
తాతయ్య