మన చెత్త, కడప బట్టీ: సిమెంట్ పొగకు రూల్స్ ఎట్లా వచ్చాయి

తిరుపతి - కడప దారిలో మామండూరు దగ్గర టీ అంగడి ముందు ఒక లారీ ఆగింది. దానిమీద నీలం టార్పాలిన్ ఒక మూల చిరిగి, లోపలి సరుకు బయటికి కనబడుతోంది. గట్టిగా అదిమి కట్టిన బేళ్లు. షాంపూ పొట్లాలు, చిప్స్ కవర్లు, తెగిన చెప్పు, గోనె పీలికలు. డ్రైవర్‌ను అడిగాను, ఏం సరుకన్నా అని.

"మనం పారేసిందే సార్. ఎర్రగుంట్ల పక్కకి పోతాది. ఆడ సిమెంటు బట్టీలో బొగ్గుతో పాటు ఏస్తారంట."

తిరుపతి చుట్టుపక్కల పెద్ద సిమెంట్ బట్టీ లేదు. శేషాచలం రాయి సిమెంట్‌కు పనికిరాదు. పనికొచ్చే సున్నపురాయి కడప, నంద్యాల, తాడిపత్రి వైపు ఉంది. అందుకే సిమెంట్ పొగ గురించి మనం పెద్దగా మాట్లాడుకోం. రేణిగుంట నుంచి గుంతకల్లు వైపు రాత్రి రైల్లో పోతే కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర కిటికీలోంచి దీపాల టవర్లు కనిపిస్తాయి, అంతే మన పరిచయం. కానీ మన డస్ట్‌బిన్ ఆ బట్టీ నోటిదాకా పోతున్నప్పుడు, ఆ పొగగొట్టం మీద ఏ రూల్ ఉంది, అది ఎప్పుడొచ్చింది, ఎవరు చూస్తున్నారు అన్నది మనకూ సంబంధించిన సంగతే.

ముందు బట్టీ లోపల జరిగేది చూద్దాం. సున్నపురాయిని పిండిచేసి, కొంచెం మట్టి, ఇనుప ఖనిజం కలిపి, ఎత్తైన ప్రీహీటర్ టవర్ పైనుంచి కిందికి వదులుతారు. కిందినుంచి వేడిగాలి ఎదురొస్తుంది. సుమారు 900 డిగ్రీల దగ్గర సున్నపురాయి విరిగి సున్నంగా మారి, బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్) వదిలేస్తుంది. తర్వాత ఏటవాలుగా పడుకోబెట్టి తిప్పే పొడుగాటి ఇనుప గొట్టంలోకి చేరుతుంది. అందులో సరుకు 1450 డిగ్రీల దాకా కాగి, గోలీల్లాంటి క్లింకర్ అవుతుంది, దాన్ని పొడి చేస్తేనే సిమెంట్. మంట వేడి అయితే 2000 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఈ మొత్తంలో ప్రతి మెట్టు దగ్గరా పిండి ఎగురుతుంది, గాలి దాన్ని మోసుకుపోతుంది. ఆ గాలిని వడకట్టకుండా వదిలితే ఫ్యాక్టరీ సరుకే ఊరిమీద పడుతుంది.

పడింది కూడా. ఆంధ్రలో సిమెంట్ తయారీ పాతదే. బెజవాడలో ఆంధ్రా సిమెంట్ కంపెనీ 1936లోనే పుట్టింది. అయితే చాలాకాలం సిమెంట్ అంటే కంట్రోల్ సరుకు. ధర సర్కారుది, పర్మిట్ సర్కారుది. 1982 ఫిబ్రవరిలో కొంత, 1989 మార్చిలో పూర్తిగా కంట్రోల్ ఎత్తేశారు. ఆ మధ్య కాలంలో రాష్ట్రంలో మినీ సిమెంట్ ప్లాంట్లు గబగబా లేచాయి. సున్నపురాయి గుట్ట, బ్యాంకు అప్పు ఉంటే చాలు అన్నట్టు నడిచిన రోజులవి.

చట్టం అప్పుడప్పుడే కళ్లు తెరుస్తోంది. నీటి చట్టం 1974లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌కు పొల్యూషన్ బోర్డు 1976లో ఏర్పడింది. గాలికి చట్టం 1981 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం బోర్డు అనుమతి లేకుండా పొగ వదిలే ఫ్యాక్టరీ పెట్టకూడదు, నడపకూడదు. మన రాష్ట్రంలో అందరి నోళ్లలో నానే సీఎఫ్ఈ, సీఎఫ్ఓ అనే మాటలకు మూలం ఇదే. మొదటిది కట్టడానికి, రెండోది నడపడానికి. 1984 డిసెంబర్‌లో భోపాల్ జరిగాక 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనల కిందే సిమెంట్ పొగగొట్టానికి మొదటి అంకె పడింది.

ఆ అంకెలు చూస్తే ఆ కాలం తీరు అర్థమవుతుంది. మామూలు ప్రాంతాల్లో రోజుకు 200 టన్నులు మించిన ప్లాంటుకు ఒక నార్మల్ (అంటే ప్రామాణిక వేడి, ఒత్తిడి దగ్గర లెక్కగట్టిన) ఘనపు మీటరు గాలిలో 250 మిల్లీగ్రాముల దుమ్ము, 200 టన్నులు దాటని చిన్న ప్లాంటుకు 400 మిల్లీగ్రాములు. చిన్నవాడు ఫిల్టర్ కొనలేడు కాబట్టి ఎక్కువ దుమ్ము వదలొచ్చు! ఊపిరితిత్తికి చిన్న ప్లాంటు దుమ్మా, పెద్ద ప్లాంటు దుమ్మా అన్న తేడా తెలుస్తుందా?

మిల్లీగ్రాములంటే తేలిగ్గా వినబడుతుంది గానీ, లెక్క వేసి చూడండి. కిలో క్లింకర్‌కు సుమారు 2 ఘనపు మీటర్ల గాలి బట్టీలోంచి బయటికొస్తుందనుకుందాం. రోజుకు 3,000 టన్నుల క్లింకర్ చేసే ప్లాంటు నుంచి 60 లక్షల ఘనపు మీటర్లు. మీటరుకు 250 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 1,500 కిలోలు. అంటే చట్టం ఒప్పుకున్న దుమ్మే రోజుకు 30 సిమెంట్ బస్తాలు, అదీ ఒక్క పొగగొట్టం నుంచి. ఈనాటి పరిమితి 30 మిల్లీగ్రాములతో అదే లెక్క వేస్తే 180 కిలోలు, నాలుగు బస్తాలకు లోపే. ముప్ఫై బస్తాల నుంచి నాలుగుకు దిగడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది.

మధ్యలో 2003 మార్చిలో కేంద్రం, పరిశ్రమలు కూర్చుని క్రెప్ అనే ఒప్పందం రాసుకున్నాయి. 2003 ఏప్రిల్ తర్వాత అనుమతి తీసుకునే కొత్త బట్టీలకు 50, పట్టణాల దగ్గరున్న పాతవాటికి 100 అన్నారు. బట్టీ చుట్టూ ఊళ్లలో ఎప్పుడు అడిగినా వినిపించే ఫిర్యాదు ఒకటుంది: "రాత్రి పూట వదిలేస్తారు." దీనికి కొంత సాంకేతిక కారణం లేకపోలేదు. అప్పట్లో ఎక్కువ బట్టీలకు ఈఎస్‌పీలు ఉండేవి. అంటే కరెంటు తీగల మధ్య దుమ్మును పట్టే పెట్టెలు. బొగ్గు సరిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే లోపలి నిప్పురవ్వకు అది పేలుతుంది. అందుకని కరెంటు తనంతట తానే ట్రిప్ అయి ఆగిపోతుంది. ఆగిన ఆ కాసేపూ దుమ్మంతా నేరుగా ఆకాశంలోకే. తెల్లారి లేస్తే ఆకుల మీద బూడిద. అలాగని ప్రతి రాత్రి పొగకూ ఇదే కారణమంటే నేను నమ్మను. చీకట్లో కనబడదన్న ధీమా కూడా కొన్నిచోట్ల ఉండే ఉంటుంది. గుడ్డ సంచులతో వడకట్టే బ్యాగ్ హౌస్‌లు వచ్చాక ట్రిప్పుల గొడవ తగ్గింది. సంచి చిరిగితే మాత్రం కథ మళ్లీ మొదటికే.

ఇదంతా కంటికి కనిపించే దుమ్ము సంగతి. అది ఆరేసిన బట్టల మీద పడుతుంది, జనం అరుస్తారు, రూల్ వస్తుంది. కనిపించని వాయువులకు ఆ అదృష్టం లేదు. సిమెంట్ బట్టీల నత్రజని ఆక్సైడ్లకు, గంధక వాయువుకు దేశవ్యాప్త పరిమితులు 2014 ఆగస్టు 25 నోటిఫికేషన్ దాకా రాలేదు. గాలి చట్టం పుట్టిన 33 ఏళ్లకు!

నత్రజని ఎక్కడినుంచి వస్తుంది? ఎక్కువభాగం గాలిలోంచే. అంత వేడికి గాలిలోని నత్రజనే కాలి ఆక్సైడ్ అవుతుంది. అంటే ఎంత మంచి బొగ్గు వాడినా ఇది తప్పదు. మంట ఆకారం మార్చాలి, లేదా 900 - 1000 డిగ్రీల దగ్గర అమ్మోనియా చల్లి దాన్ని విరగ్గొట్టాలి. 2014 తర్వాత మొదలైన బట్టీలకు 600 మిల్లీగ్రాములు, అంతకు ముందువాటికి కాల్సినర్ (సున్నపురాయిని సున్నంగా విరగ్గొట్టే గది) రకాన్ని బట్టి 800 లేదా 1,000 అని పెట్టారు.

గంధకం కథ ఇంకా తమాషా. గంధకం అనగానే అందరూ బొగ్గును అనుమానిస్తారు. నిజానికి బొగ్గులోని గంధకాన్ని బట్టీలోని సున్నమే చాలావరకు పట్టుకుని క్లింకర్‌లో కలిపేసుకుంటుంది. తప్పించుకునేది రాయిలోని గంధకం, పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) రూపంలో ఉన్నది. అది టవర్ పైభాగంలోనే, సున్నం తయారుకాకముందే కాలి బయటపడుతుంది. అందుకే 2016 మే సవరణలో పరిమితిని రాయిని బట్టి పెట్టారు: పైరైట్ గంధకం 0.25 శాతం లోపైతే 100, 0.25 నుంచి 0.5 శాతం మధ్యైతే 700, అంతకు మించితే 1,000. శాస్త్రం ప్రకారం సబబే. కానీ ఆ గని పక్క ఊరివాడి వైపు నుంచి చూడండి. రాయి చెడ్డదైతే గాలి కూడా పదింతలు చెడ్డదిగా ఉండొచ్చని చట్టమే చెబుతోంది. గడువులు కూడా 2017 మార్చి దాకా జరుగుతూ వచ్చాయి. ఆ ఏడాది అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్, హర్యానా, రాజస్థాన్‌లలో పెట్‌కోక్‌ను (చమురు శుద్ధిలో మిగిలే, గంధకం ఎక్కువున్న బొగ్గులాంటి ఇంధనం) నిషేధించి, డిసెంబర్‌లో సిమెంట్ పరిశ్రమకు సడలింపు ఇచ్చింది. సున్నం గంధకాన్ని మింగుతుందన్న వాదన అక్కడ కలిసొచ్చింది.

కొత్త బట్టీకి ఇంకో గడప ఉంది, పర్యావరణ అనుమతి. 1994లో మొదలై 2006 సెప్టెంబర్ 14 నోటిఫికేషన్‌తో ఇప్పటి రూపం వచ్చింది. ఏడాదికి 10 లక్షల టన్నులు, ఆపైన అయితే ఫైలు ఢిల్లీకి పోతుంది. ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి, 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కలెక్టర్ గానీ ఆయన ప్రతినిధి గానీ అధ్యక్షత వహించాలి, నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. ఉంటుంది కూడా. "కణరూప పదార్థ ఉద్గారములు" లాంటి తెలుగులో. అది చదివి లేచి మాట్లాడే రైతు "బూడిద పడి చేను పాడయితాంది" అంటాడు. ఇద్దరూ చెప్పేది ఒకదాని గురించే. రికార్డులో మాత్రం రెండూ కలవవు.

ఇక లారీ దగ్గరికొద్దాం.

బట్టీలో చెత్త కాల్చడాన్ని కో-ప్రాసెసింగ్ అంటారు. కేంద్ర పొల్యూషన్ బోర్డు దీనికి 2010లో మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పట్లో ఒక్కో రకం వ్యర్థానికి ముందు ట్రయల్ మంట పెట్టి, పొగ కొలిచి, ఆ తర్వాతే అనుమతి. 2016లో పద్ధతి మారింది. ట్రయల్ తీసేసి, పొగ ఈ పరిమితుల్లో ఉంటే చాలు అన్నారు. ఆ పరిమితుల జాబితా మామూలు బట్టీ జాబితాకన్నా పొడుగు: హైడ్రోజన్ క్లోరైడ్ 10 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1, పాదరసం 0.05, కాడ్మియం - థాలియం కలిపి 0.05, ఇక క్లోరిన్ ఉన్న చెత్త కాలితే పుట్టే విషాలు డయాక్సిన్లు, ఫ్యూరాన్లు 0.1 నానోగ్రాము. మిల్లీగ్రాములో పదిలక్షల వంతు నానోగ్రాము.

రోడ్డు పక్క చెత్త తగలబెట్టడం కంటే ఇది నూరుపాళ్లు నయం, అందులో నాకు సందేహం లేదు. 1100 డిగ్రీలు దాటిన వేడిలో రెండు సెకన్లకు మించి ఉంటే డయాక్సిన్ విరిగిపోతుంది. బట్టీలో ఆ రెండూ దండిగా దొరుకుతాయి. బూడిద కూడా క్లింకర్‌లోనే కలిసిపోతుంది. చిక్కు వచ్చేది చల్లారేటప్పుడు. 450 నుంచి 200 డిగ్రీల మధ్య గాలి నింపాదిగా చల్లారితే, క్లోరిన్ ఉంటే, విరిగింది మళ్లీ అతుక్కుంటుంది. అందుకే ఆ మెట్టును నీళ్లు చల్లి చకచకా దాటించాలి.

క్లోరిన్ అంటే ఫ్యాక్టరీవాళ్లకూ భయమే, అయితే వాళ్ల కారణం వేరు. అది ప్రీహీటర్ గోడలకు పేరుకుని దారి మూసేస్తుంది, బట్టీ ఆగిపోతుంది. పీవీసీ పైపు ముక్క, రెగ్జిన్ గుడ్డ, ఊరగాయ అంటిన కవర్‌లోని ఉప్పు, అన్నిట్లోనూ క్లోరిన్ ఉంది. మన ఇంట్లో తడి, పొడి వేరుచేయకపోతే ఆ లెక్క ఎర్రగుంట్ల దగ్గర తేలుతుంది.

2026లో కొత్తవి వచ్చేదాకా నడిచిన 2016 ఘనవ్యర్థాల నిబంధనల్లో ఒక వాక్యం మన జిల్లాకు ప్రత్యేకంగా తగిలేది. చెత్త ఇంధనం తయారయ్యే చోటికి 100 కిలోమీటర్ల లోపున్న పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం 5 శాతం దానితో నింపాలని అందులో ఉండేది. తిరుపతి నుంచి ఎర్రగుంట్లకు నేరుగా గీత గీసినా 100 దాటుతుంది, రోడ్డు మీద ఇంకా ఎక్కువ. అంటే ఆ బట్టీలు మన చెత్త తీసుకోవాలని ఆ నిబంధన బలవంతం చేసేది కాదు. అది బేరం మీద, సరుకు నాణ్యత మీద, లారీ బాడుగ మీద నడిచేది. వానాకాలంలో తడిసిన బేళ్లను వద్దంటే అడిగే దిక్కు ఉండేది కాదు.

పొగ ఎవరు చూస్తున్నారు అన్నది మిగిలింది. 2014 ఫిబ్రవరిలో కేంద్ర బోర్డు సిమెంట్‌తో సహా 17 రకాల పరిశ్రమలు పొగగొట్టానికి ఆన్‌లైన్ మీటర్లు పెట్టి, లెక్కలు నేరుగా బోర్డు సర్వర్‌కు పంపాలని ఆదేశించింది. మంచి అడుగే. అయితే తెర మీద అంకె చూసి మురిసిపోకూడదు, పక్కనే ఆక్సిజన్ అంకె కూడా చూడాలి. రూల్ ప్రకారం లెక్క 10 శాతం ఆక్సిజన్ దగ్గర చెప్పాలి. ఎక్కడో సందుల్లోంచి బయటి గాలి దూరితే దుమ్ము పలచబడి తక్కువగా కనిపిస్తుంది. పాలలో నీళ్లు కలిపినట్టే. మీటరు 25 చూపించి, ఆక్సిజన్ 14 శాతం ఉందనుకోండి. బయటి గాలిలో ఆక్సిజన్ 21 శాతం. 21లోంచి 10 తీస్తే 11, 21లోంచి 14 తీస్తే 7. 25ను 11తో గుణించి 7తో భాగిస్తే 39 పైచిలుకు. 30 లోపు అనుకున్నది కాస్తా పరిమితి దాటేసింది.

దాటితే ఏమవుతుంది? గాలి చట్టంలో ఇంతకుముందు ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల దాకా జైలు ఉండేది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆ చోట 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా వచ్చింది.

ఇంకో వింత. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమంలో గాలి పాడైన నగరాల జాబితాలో చిత్తూరు ఉంది, కడప ఉంది. రెండూ నగరాలు, రెంటికీ కార్పొరేషన్లు ఉన్నాయి. బట్టీలున్న ఎర్రగుంట్ల అందులో లేదు.

డ్రైవర్ టీ తాగి, గ్లాసు పెట్టేసి, టార్పాలిన్ చిరుగును తాడుతో బిగించాడు. ఆ బేళ్లు కాలేటప్పుడు గేటు దగ్గర తెర మీద దుమ్ము, గంధకం, నత్రజని అంకెలు తిరుగుతూ ఉంటాయి. డయాక్సిన్ అంకె అక్కడ కనబడదు. దానికి ఎవరైనా పొగగొట్టం ఎక్కి, గంటల తరబడి గాలి నమూనా పట్టి, ల్యాబుకు పంపి, కాగితం వచ్చేదాకా ఆగాలి.